భూకంపసీమలో ద్రాక్షాసవ సంచయము

2014 ఆగస్టు 24వ తేది ఆదివారము, వేకువ 3 గంటల 20 నిమిషములకు, కాలిఫోర్నియా రాష్ట్రమునందలి నాపా లోయకు దక్షిణమున, అమెరికన్ కాన్యన్ పట్టణ సమీపమున భూమి కంపించెను. దాని తీవ్రత 6.0. చరిత్ర యెఱిగిన మహాభూకంపములతో పోల్చిచూచిన నిది మధ్యమశ్రేణికి చెందినదే. అయినను 1989 అక్టోబరు 17నాటి లోమా ప్రియెటా భూకంపము తరువాత శాన్ ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతమున ఇంత బలమైన కంపనము మఱియొకటి కలిగియుండలేదు. సంభవించిన తావు ద్రాక్షాసవమునకు జగత్ప్రసిద్ధమైన సీమ యగుటచేత, ఉక్కుచట్రములపై వరుసమీద వరుసగా పేర్చిన ఓకుపీపాలు ఒకదానిపై నొకటి కూలిపడి, నేలయంతయు ఎఱ్ఱని మడుగైన దృశ్యములు పత్రికలలో విరివిగా ప్రకటితములయ్యెను. ఆదివారపు వేకువ గాక పనిదినపు మధ్యాహ్నమై యున్నచో ఆ పీపాల నడుమ పనివారుండెడివారని తలచినకొలది గుండె జల్లుమనును. అయితే ఆ లోయలోను, పరిసర నగరములలోను, గృహస్థులు నేలమాళిగలలో, మెట్లక్రింది గదులలో, కారు నిలుపు కొట్టముల మూలలలో ఏండ్ల తరబడి కూడబెట్టుకొనిన సీసాల గతి యేమయ్యెనో వ్రాసినవారు తక్కువ. ఈ వ్యాసమునకు విషయ మా గృహసంచయమే.

ఇది ధనికుల విలాసము, దీనికై యింత చింత యేల యని కొందఱు ప్రశ్నింపవచ్చును. బిడ్డ పుట్టిన యేటి పంటనుండి చేసిన ఆసవమును కొని, ఆ బిడ్డ యింటివాడగు నాటికి తెఱవవలెనని ఇరువది యేండ్లు దాచు ఆచారము పాశ్చాత్య కుటుంబములలో కలదు. బోర్డో సీమ ఎఱ్ఱని ఆసవములును, పోర్చుగల్లు దేశపు పోర్టును అట్టి దీర్ఘనివాసమునకై ప్రసిద్ధికెక్కినవి. అటువంటి సీసా పగిలిన పిమ్మట దాని వెల యెంతయైన నీయగలవాడును ఆ యిరువది యేండ్ల నిరీక్షణమును తిరిగి కొనలేడు. పుస్తకములు ప్రోగుచేయువానికి గ్రంథాలయ మెట్టిదో, ఆసవరసజ్ఞునకు తన సంచయ మట్టిది. ఓర్పుతో, అభిరుచితో, కొంత త్యాగముతో నొక జీవితకాలమున కట్టుకొనినది. దానిని ఇరువది సెకండ్ల కంపనమునకు వదలివేయుట అనవసరమైన నష్టము. అనవసరమని నేను నొక్కిచెప్పుటకు కారణము, ఆ నష్టములో అధికభాగమును చౌకయైన సాధనములతో నివారింపవచ్చుననుటయే.

గతమును పరిశీలించినచో లభించు వృత్తాంతము లన్నియు పరిశ్రమకు సంబంధించినవి. 1906 ఏప్రిల్ 18నాటి భూకంపమును, దాని వెంట చెలరేగిన యగ్నియు శాన్ ఫ్రాన్సిస్కో నగరమును ధ్వంసము చేసినపుడు అచటి గిడ్డంగులలోని ఆసవ మపారముగా నశించెను. నాటి వర్తకమున నగ్రగణ్యులైన కాలిఫోర్నియా వైన్ అసోసియేషన్ వారు అటుపిమ్మట అఖాతమున కావల రిచ్మండు తీరమున వైన్‌హేవెన్ అను మహాకర్మాగారమును నిర్మించుకొనిరి. 1995 జనవరి 17న జపానులోని కోబే నగరమును కుదిపిన భూకంపమున, సాకే తయారీకి పేరొందిన నాడా ప్రాంతపు ప్రాచీన దారుభవనములు పెక్కు నేలమట్టమయ్యెను. 2003 డిసెంబరు 22న కాలిఫోర్నియా తీరమునందలి శాన్ సిమియన్ సమీపమున 6.5 తీవ్రతతో భూమి కదలగా, పాసో రోబుల్స్ ప్రాంతపు ఆసవశాలలలో పీపాలు దొర్లిపడెను. 2010 ఫిబ్రవరి 27న చిలీ దేశమున 8.8 తీవ్రతతో వచ్చిన మహాకంపమునకు సుమారు 12.5 కోట్ల లీటర్ల ఆసవము నేలపాలైనదని ఆ దేశపు పరిశ్రమ లెక్కగట్టెను. 2016 నవంబరు 14న న్యూజీలాండులోని కైకౌరా భూకంపమునకు, మార్ల్‌బరో సీమయందలి ఉక్కుతొట్లు అడుగుభాగమున నలిగి ముడుతలు పడినవి. ఈ సంఘటనలను ఇంజనీర్లు శ్రద్ధగా పరిశీలించిరి. తొట్ల కాళ్లను దృఢపఱచుటకును, పీపాల దొంతరల యెత్తును తగ్గించుటకును మార్గములు సూచించిరి. గృహస్థుడు మాత్రము ఆ శాస్త్రమునుండి తనకు గ్రాహ్యమైన దానిని తానే ఏరుకొనవలసి యున్నది.

అందులో మొదట ఏరుకొనదగినది, లోకమున పాతుకొనిపోయిన యొక భ్రమను తొలగించునట్టి సత్యము. బరువైన వస్తువు కదలదని మనమందఱము నమ్ముదుము. రెండువందల సీసాలు నిండిన అలమార పావు టన్నుకు పైబడి తూగును. ఇద్దఱు కూడి త్రోసినను జరుగదు. కనుక భూకంపమునకును జరుగదని గృహస్థుడు నిశ్చింతగా నుండును. కాని మనుష్యుడు త్రోయునపుడు బలము వెలుపలినుండి వచ్చుచున్నది. భూకంపమున నేలయే ప్రక్కకు పోవుచున్నది, వస్తువు తన జడత్వముచే వెనుకబడుచున్నది. వస్తువెంత బరువైనదో దానిపై పనిచేయు జడత్వబలమును అంత హెచ్చుగ నుండును. అందుచేత కూలుట, జారుట అను రెండింటిలోను బరువు లెక్కలోనుండి కొట్టుకొనిపోవును. మిగులునది ఆకారమును, ఘర్షణయును మాత్రమే. 19వ శతాబ్ది చివర జపానులో పనిచేసిన జాన్ మిల్ను అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరుడు ఓమోరియును స్తంభములను అడ్డముగ కుదిపి, ఏపాటి త్వరణమునకు అవి పడిపోవునో పరీక్షించిరి. ఆ పరీక్షలకు మూలమైన సూత్రము సులభమైనది: వస్తువు వెడల్పును దాని యెత్తుచే భాగింపగా వచ్చు భాగము గురుత్వములో నెంతయో, అంతటి అడ్డుత్వరణమునకు ఆ వస్తువు ఒక అంచుపై లేచి ఊగ నారంభించును. 2 మీటర్ల యెత్తును, 35 సెంటీమీటర్ల లోతును గల సీసాల అలమారకు ఈ లెక్క వేసినచో 0.175 వచ్చును; అనగా గురుత్వత్వరణములో ఆరవపాలు మాత్రమే. ప్రబలమైన భూకంపమునకు చేరువనున్న ఇండ్లలో అంతకు రెండు మూడు రెట్లు కలుగుట అరుదు కాదు. ఊగ నారంభించిన వెంటనే కూలునని కాదు. ఆ ఊగుటకు కంపనపు తాళము కలిసివచ్చిన, లేక కంపనము దీర్ఘకాలము సాగిన, అలమార తప్పక ముందునకు వ్రాలును. మేడపై గదులలో నేలకంపనము ఇంకను హెచ్చుగ ప్రతిఫలించుటచే అచటి యలమారకు గండము మఱింత సమీపము.

కావున మొదటి రక్షణము అలమారను గోడకు బంధించుట. ఈ పని చేసినామని తలచి చేయనివారే యెక్కువమంది. అమెరికాలో గృహములు సాధారణముగ కొయ్యచట్రముపై జిప్సం పలకలు తొడిగిన గోడలు గలవి. ఆ పలకలో దిగిన మరమేకు పటమునకు చాలును గాని పావు టన్ను అలమారను పట్టుకొనలేదు. పలక వెనుక సుమారు 40 సెంటీమీటర్ల కొకటిగా నిలువుకొయ్యలుండును. మేకు ఆ కొయ్యలో లోతుగ దిగవలెను. వేలి కణుపుతో గోడను తట్టుచు పోయిన, డొల్లగ వచ్చు ధ్వని కొయ్యయున్న చోట గట్టిపడును. అనుమానమున్న చిన్న అయస్కాంతమును గోడవెంట నడపిన, పలకను కొయ్యకు బిగించిన మేకుల యొద్ద అది అంటుకొనును. అచట గుర్తుపెట్టుకొని, అలమార పైభాగమున రెండు ప్రక్కలను ఇనుప కోణపుబద్దలతోగాని దళసరి నైలాను పట్టీలతోగాని బిగించి, వీలైనచో నడుమ నింకొక బంధమును చేర్చవలెను. గది నడుమ నిలిచిన అలమారలను వీపునకు వీపు చేర్చి కట్టి, పైన వానిని గోడలతో కలుపుచు అడ్డకొయ్యలు వేయవలెను. చలువగదియైనచో మఱొక జాగ్రత్త కలదు: గోడలోపల తేమను ఆపు పొర యుండును, మేకు దానిని చీల్చినచో ఆ రంధ్రమున చెమ్మ చేరి కొయ్యకు బూజు పట్టును, రంధ్రములను మూయు లేపనము మఱవరాదు. క్రొత్తగా గదిని కట్టుకొనువారు జిప్సం పలకకు బదులు దళసరి ప్లైవుడ్డును నిలువుకొయ్యలకు బిగించి గోడ చేసికొనిరేని, తరువాత ఎచటనైనను మేకు పట్టును. నా మతమున ఇంతకంటె తెలివైన వ్యయము వేఱులేదు.

అలమార నిలిచినంత మాత్రమున సీసా నిలువదు. గోడకు గట్టిగ కట్టిన అలమార కూలకపోవచ్చును గాని, గోడతోపాటు తానును కదలుచుండుటచే, అందులోని సీసా తన ఒడిలోనుండి ముందునకు జారిపోవును. ఈ జారుట ఒక్కమాఱుగ జరుగదు. అలమార గోడవైపునకు పోయినపుడు సీసా వెనుకబడి ఒకటి రెండంగుళములు బయటికి వచ్చును; అలమార ముందునకు వచ్చినపుడు సీసా లోనికి పోవలసియున్నను, వెనుక గోడ తగిలి తిరిగి బయటికే నెట్టబడును; ఇట్లు నడచి నడచి, బరువుకేంద్రము అంచు దాటిన క్షణమున మెడ వ్రాలి నేలకు పోవును. నున్నని కొయ్యపై గాజు జారుటకు ఘర్షణగుణకము 0.3 అనుకొందము, అప్పుడు గురుత్వములో పదింట మూడు పాళ్ల త్వరణము చాలును. సీసాపీఠమును వెనుకకు 5 డిగ్రీలు వంచినచో ఆ మేర పదింట నాలుగు పాళ్లకు పెరుగును. ఈ లాభము తక్కువ కాదు. అయితే దీనితో నొక చిక్కు వచ్చును. మెడ బయటికుండునట్లు పడుకొనిన సీసాను వెనుకకు వంచిన, లోనున్న గాలిబుడగ బిరడాను చేరి, చాలకాలమునకు బిరడా కొంత ఆఱును. మెడ లోపలికుండునట్లు పెట్టిన బిరడా తడిగనే యుండును గాని, ప్రాతపడిన ఎఱ్ఱని ఆసవములలో ఏర్పడు మడ్డి మెడలోనికి చేరి, వడ్డించునాడు కలత పెట్టును. కావున ఐదాఱేండ్లలో త్రాగదలచినవానిని మెడ లోపలికి పెట్టి వంచుట మంచిది. దీర్ఘకాలము దాచదలచిన వానిని సమతలముగ నుంచి, ముందు అడ్డకమ్మిని వేయుట మంచిది.

ఈ అడ్డకమ్మి విషయమున పలువురు పలు సాధనములను వాడుచున్నారు. ప్రతి వరుస ముందును సన్నని కొయ్యబద్దను తగిలించువారు కొందఱు. సాగు రబ్బరు త్రాళ్లను కొక్కెములతో కట్టువారు కొందఱు. అలమారమొగమంతయు వల దిగవిడుచువారు కొందఱు. రబ్బరు త్రాళ్లను నేను మెచ్చను. సాగుటే వాని గుణము. పది సీసాల బరువు ఒక్కమాఱుగ మీద పడిన త్రాడు సాగి, సీసాలు పోవుటకు దారి యిచ్చి, తిరిగి బిగిసికొనును. సాగని నేత పట్టీ, లేక కొయ్యబద్ద, లేక సన్నని కన్నుల గట్టి వల మేలు. వలకు పైన క్రింద రెండుచోట్లను కొక్కెములుండవలెను. క్రింద వదులైన వలలోనికి సీసాలు జాఱి కుప్పపడి, పైవి క్రిందివానిని పగులగొట్టును. జిగురుతో అంటించు పట్టీలు తేమగల చలువగదిలో నమ్మదగినవి కావు. వజ్రాకారపు గళ్లలో పది పండ్రెండు సీసాలను కుప్పగ పేర్చు పద్ధతిలో సీసాలు ఒకదానినొకటి తాకుచుండును గనుక గాజు గాజుతో రాచుకొని పగులు నపాయము కలదు. విలువైన వానిని ఒక్కొక్క సీసాకొక ఒడి గల పీఠములలో నుంచుటయే న్యాయము.

విద్యుత్తుతో నడచు చలువపెట్టెలను గూర్చి చెప్పవలసినది స్వల్పము. చక్రములున్నచో తీసివేయవలెను, పెట్టెను వెనుకగోడకు పట్టీతో కట్టవలెను, తలుపునకు గడియ యుండవలెను. అయస్కాంతపు పట్టుతో మాత్రమే మూసికొను తలుపు మొదటి ఊపునకే తెఱచుకొనును. పసిబిడ్డలు తీయకుండ వంటింటి బీరువాలకు వేయు గడియయైనను చాలును. జపానులో కంపనము వచ్చినంతనే తనంతట తాను బిగిసికొను గడియలును, బీరువా తలకును పైకప్పునకును నడుమ బిగించు దూటుకఱ్ఱలును సామాన్య గృహములలో సైతము వాడుకలో నున్నవి. గెట్టీ మ్యూజియమువంటి సంస్థలు శిల్పములకై నిర్మించుకొనిన కంపననిరోధక పీఠములు గృహమున కుపకరింపవా యని అడుగువారు కలరు. ఆ పీఠమునకు నలుప్రక్కల అడుగుమేర ఖాళీ వదలిననేగాని అది తన పని చేయలేదు. ఇరుకు గదిలో అట్టి యవకాశ మెక్కడిది? అందుకగు వ్యయమును బంధనములకు వెచ్చించుట వివేకము.

ఇక నా తీర్పు. చూపునకు ముచ్చటగొలుపు నిలువెత్తు అలమారలన్నిటికంటె, సీసాలు వచ్చిన కొయ్యపెట్టెలలోనే వానిని వదలి, ఆ పెట్టెలను మూడింటికి మించని దొంతరలుగ గోడయొద్ద పేర్చి, నడుమునకు పట్టీ కట్టి గోడకు బిగించుట శ్రేష్ఠము. వెడల్పు హెచ్చి, ఎత్తు తగ్గుటచే అది కూలదు. పెట్టె మూసియుండుటచే సీసా పోదు. పొట్టు, అట్ట, గడ్డి వంటి నింపుడు గాజును గాజునుండి వేఱుచేయును. అందము తగ్గుననుట నిజమే. ప్రతిదినము కన్నులపండువుగ చూడదలచిన ఇరువది ముప్పది సీసాలకు పొట్టి పీఠము నొకదానిని గోడకు కట్టి యుంచుకొని, అమూల్యమైన వానిని పెట్టెలలో దాచుట రసజ్ఞతకు లోపము కాదు.

సీసాకంటె మనుష్యుడు ముఖ్యుడను మాట వేఱుగ చెప్పనక్కఱలేదు గాని, ఇండ్లలోని యేర్పాట్లను చూచిన చెప్పవలసియే వచ్చుచున్నది. పడక తలవైపు గోడపై సీసాల పీఠము, బయటికి పోవు దారిలో నిలువు అలమార, వంటపొయ్యిమీద విస్కీ బ్రాందీ వరుస, ఇవి మూడును తీసివేయదగినవి. సామాన్య ద్రాక్షాసవమున మద్యసారము నూటికి 12 నుండి 15 పాళ్లుండుటచే అది తేలికగ మండదు. నూటికి 40 పాళ్లుండు విస్కీ, బ్రాందీలు మాత్రము గ్యాసు మంటచెంత ఒలికినచో అంటుకొనును. ఇంటి విషయమును అట్టిదే. 1980కి ముందు కట్టిన కాలిఫోర్నియా గృహములు పెక్కు పునాదికి సరిగ బంధింపబడక, కంపనమున పునాదినుండి జాఱిపోవు నపాయము గలవి. వానిని బిగించుటకు ఆ రాష్ట్రమున ఎర్త్‌క్వేక్ బ్రేస్ ప్లస్ బోల్ట్ అను పథకముక్రింద అర్హులకు 3000 డాలర్లవఱకు సహాయ మిచ్చుచున్నారు. ఇల్లే జాఱినపుడు గోడకు కట్టిన అలమార యేమి కాపాడును?

బీమాను నమ్మి ఊరకుండువారును కలరు. అమెరికాలో సామాన్య గృహబీమా భూకంపనష్టమును చెల్లింపదు. 1994 జనవరి 17నాటి నార్త్‌రిడ్జి భూకంపమునకు బీమా సంస్థలు వెనుకంజ వేయగా, 1996లో కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ ఏర్పడినది. దాని పత్రములలో సైతము గృహస్థుడు తానుగ భరింపవలసిన భాగము బీమా మొత్తములో 5 నుండి 25 శాతమువఱకు ఉండును. గాజుసామానువంటి పెళుసు వస్తువులకు విడిగా అదనపు రక్షణ కొనవలసియుండును. పెద్ద సంచయము గలవారు విలువైన వస్తువులకై వేఱుగ వ్రాయు బీమాను విచారించి, అందు భూకంపమును గూర్చిన వాక్యమును స్వయముగ చదివికొనవలెను. సీసాల పట్టిక, కొన్న రసీదులు, ఛాయాచిత్రములు ఇంటిలోనే యున్నచో ఇంటితోపాటు పోవును. వాని ప్రతి నింకొకచోట నుంచవలెను. కంపనమైన తరువాత చెప్పులు లేక ఆ గదిలో అడుగిడరాదు. గ్యాసు వాసన చూడవలెను. అనుకంపనములు వచ్చుచుండును గనుక మిగిలిన సీసాలను వెంటనే పైయరలలో తిరిగి పేర్చరాదు. పగులక మిగిలిన వానిలోను బిరడా కదలి తడి యూరుచున్నవానిని వేఱుచేసి ముందుగ త్రాగివేయుట మేలు. విద్యుత్తు పోయిన దినములలో తలుపు తెఱవకున్నచో చలువగది చాలసేపు తన చల్లదనమును నిలుపుకొనును.

మన తెలుగువారు వేలకొలదిగ నివసించు ఫ్రీమాంటు నగరము హేవర్డు భ్రంశముపైననే యున్నది. ఆ భ్రంశము 1868 అక్టోబరు 21న పెద్దగా కదలినది. అటుపిమ్మట నూటయేబది యేండ్లు దాటినను మరల అట్లు కదలలేదు. 2014 మొదలు 2043 లోపల అఖాత ప్రాంతమున 6.7గాని అంతకు మించినగాని తీవ్రతతో భూకంపము వచ్చుటకు నూటికి 72 పాళ్లు అవకాశము కలదని అమెరికా భూగర్భ సర్వేక్షణశాఖ గణించినది. ద్రాక్షాసవము ముట్టనివారి యింటను దేవతార్చన మందసము, గాజు బీరువా, ఊరగాయజాడీల అర ఉండనే యుండును. పైని చెప్పిన సూత్రములు వానికిని వర్తించును. 1969లో భద్రాచలమునొద్దను, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలోను భూమి కదలుటచే స్వదేశమున నున్నవారును దీనిని పరాయి విషయముగ త్రోసిపుచ్చరాదు. ఫ్రీమాంటు, మిల్పిటాస్, శాన్ హోసే నగరములలోని మిత్రులకు నా విన్నపమిది: వచ్చు సెలవుదినమున ఇంటిలోని నిలువెత్తు అలమారల నొక్కొక్కదానిని భుజముతో మెల్లగ త్రోసి చూడుడు, కదలిన ప్రతిదానిని ఆనాడే గోడలోని కొయ్యకు బిగింపుడు, పడకతలవైపున్న సీసాలను మాత్రము సెలవుదినముదాక ఉంచక ఈ రాత్రియే దింపుడు.